ఆరు నుంచి ఏడు దాకా

పెళ్లయిన డెబ్బై రెండో రోజున కూడా కీర్తిప్రియకు ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు కనిపిస్తే నవ్వొచ్చేది. తనది పసుపు, శ్రవణ్‌ది నీలం. పొద్దున తను లేచేసరికి నీలం బ్రష్ ఇంకా తడిగా ఉంటే, ఇప్పుడే ఇక్కడ నిలబడి వెళ్లాడన్నమాట అనుకుంటూ కాసేపు అక్కడే నిలబడిపోయేది. మెట్ల దగ్గర అతని పెద్ద చెప్పుల పక్కన తన చిన్న చెప్పులు, తీగ మీద అతని లుంగీ పక్కన తన చున్నీ, అతని చొక్కాలన్నిటికీ పట్టుకున్న ఏలకుల వాసన. హన్మకొండలో డిగ్రీ చదివే రోజుల్లో ఎవరైనా తనకు సంతోషం అంటే ఇంత చిన్నగా ఉంటుందని చెప్పి ఉంటే నమ్మేది కాదు.

శ్రవణ్‌కుమార్‌ది ఉస్మాన్‌గంజ్‌లో మసాలా దినుసుల టోకు దుకాణం. తాత పెట్టింది, తండ్రి విశ్వేశ్వర్ పెంచింది, ఇప్పుడు కొడుకు చేతికొస్తోంది. దుకాణం వెనక గోడౌన్, దానికి రెండు సందుల అవతల ఇల్లు. ఇంట్లో అత్తమ్మ నాగమణమ్మ, ఇంటర్ చదివే ఆడపడుచు పూజిత. శ్రవణ్ తక్కువ మాట్లాడతాడు. పొద్దున తొమ్మిదికి వెళ్లి రాత్రి ఏడున్నరకు వస్తాడు. ఆ మధ్యలో కీర్తి పదిసార్లు ఫోన్ చేస్తుంది. తిన్నవా అని, ఏం తిన్నవని, ఇప్పుడేం చేస్తున్నవని, ఊరికే అని.

గోవా వెళ్లినప్పుడు సముద్రం పక్కన ఒక పాకలో ఒక పాట విన్నారు. స్పానిష్ పాట. రెగెటాన్ అంటారని ఫోన్ చెప్పింది. ఆ రకం పాటలు గంతులేయిస్తాయట, కానీ ఇది మెల్లగా నడిచేది. కింద ఒక డోలు, ధుమ్... త ధుమ్ తక్, ధుమ్... త ధుమ్ తక్, ఎవరో తొందరేమీ లేకుండా మెట్లెక్కి వస్తున్నట్టు. దాని మీద నిద్రలో మాట్లాడుతున్నట్టుండే మగ గొంతు. ఇంటికొచ్చాక కీర్తి దాన్ని రోజుకు ఇరవైసార్లు వినేది. కూర తరిగేటప్పుడు కత్తి ఆ డోలుకే పడేది. చపాతీ కర్ర ఆ డోలుకే తిరిగేది.

ఒక రాత్రి పాట అర్థమంతా ఫోన్‌లో తెలుగు చేయించి శ్రవణ్‌కు చదివి వినిపించింది.

"వాడు ఆమె కిటికీ కింద నిలబడ్డడు. ఆమె దీపం ఎప్పుడు వేసింది, ఎప్పుడు ఆర్పింది, అన్నీ వానికి తెలుసు. నువ్వు ఊరు మారినా నీ అడుగుల చప్పుడు గుర్తువడతనంటడు. నువ్వు కన్న కలలల్ల కూడ నాకు జాగ కావాలంటడు. ఎంత ప్రేమ చూడు!"

శ్రవణ్ ఆవులించాడు. "వానికి దుకాణం గిట్ల ఏం లేదా?"

"పో నువ్వు!"

దిండు విసిరింది. అతను పట్టుకుని తల కింద పెట్టుకున్నాడు. కాసేపటికి, నిద్రపోయాడేమో అనుకుంటుండగా అన్నాడు.

"అంత చెప్తడు గని, ఆ పిల్ల ఏమంటదో పాటల లేదు."

"అంటే?"

"ఏం లే. ట్యూన్ మస్తుంది."

కీర్తి ఆ మాటను అప్పుడు పట్టించుకోలేదు.

అన్ని ఫోన్లకూ పలికేవాడు, సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా మాత్రం పలకడు. "గోడౌన్‌ల ఉంట. సిగ్నల్ రాదు" అన్నాడు మొదట్లోనే. సరే అనుకుంది. కానీ పదో వారంలో, ఒకరి ఫోన్‌లో ఒకరు మ్యాప్ మీద ఎప్పుడూ కనిపించేలా తనే రెండు ఫోన్లలోనూ పెట్టింది. శ్రవణ్ బిల్లులు చూసుకుంటూ సరే అని తలూపాడు. ఆ రోజు నుంచి అతను ఆమెకు ఒక నీలం చుక్క. చుక్క దుకాణంలో ఉంటే ఆమెకు మనసు నిమ్మళం. చుక్క బ్యాంకుకు కదిలితే ఆమె చూపూ వెంట కదిలేది. ఆరింటికి చుక్క గోడౌన్‌కు వెళ్లలేదు. మూసీ దాటి, పత్తర్‌గట్టి వెనక ఒక సందులోకి వెళ్లి ఆగింది. ఏడుకు కదిలింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

తర్వాత ఉతకడానికి తీసిన చొక్కా కాలరు మీద ఒక మెరుపు కనిపించింది. ఆవగింజ కన్నా చిన్నది, వెండి రంగు. గోటితో తీస్తే గోటికే అంటుకుపోయింది. పూజితకు చూపించింది, ఏమీ లేనట్టు.

"గ్లిట్టర్ వదినా. ఆడపిల్లలు బుగ్గలకు పెట్టుకుంటరు. మేము ఫేర్‌వెల్‌కు అందరం పెట్టుకున్నం." పూజిత కిసుక్కున నవ్వింది. "అన్న ఏ ఫేర్‌వెల్‌కు పోయిండు?"

కీర్తి నవ్వలేదు. ఆ సాయంత్రం ఆరు దాటాక పద్నాలుగుసార్లు ఫోన్ చేసింది. పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారాయి.

"ఏందే బిడ్డా" అంది నాగమణమ్మ గుడ్డ పట్టుకొచ్చి, "పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ దిక్కు చూస్తున్నవ్. పాలు ఫోన్‌ల పొంగుతయా?"

ఆ రాత్రి శ్రవణ్ అన్నం తింటుంటే అడిగింది. "సాయంత్రం యాడున్నవ్?"

"గోడౌన్‌ల."

అబద్ధం చెప్పేటప్పుడు అతని చెవులు కదులుతాయేమో, కళ్లు వాలతాయేమో అని చూసింది. ఏదీ జరగలేదు. పప్పులో ఇంకాస్త నెయ్యి వేసుకున్నాడు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. తెల్లారేదాకా ఒకటే ఆలోచన. ఆ గంటలో ఉన్నది ఎవరైనా కానీ, అతను తన దగ్గర లేకుండా ఎక్కడో పూర్తిగా ఉంటున్నాడు. ఈ డెబ్బై రెండు రోజులూ తనకు దొరికింది ఆ గంట పోగా మిగిలిన శ్రవణేనా?

మర్నాడు ఆరు కొట్టగానే "అత్తమ్మా, గాజులకు పోయొస్త" అని చెప్పి ఆటో ఎక్కింది. నయాపూల్ దాటాక దిగి, పత్తర్‌గట్టి రాతి కమానుల కింద నడిచింది. పెళ్లి దుస్తుల దుకాణాల బయట జరీ మెరుస్తోంది, అత్తరు సీసాలవాడు ఎవరి మణికట్టుకో రాస్తున్నాడు. వేరే రోజైతే ప్రతి దుకాణం ముందూ ఆగేది. ఇప్పుడు కళ్లు ఫోన్ మీదే. చుక్క దగ్గరవుతోంది. సందు మలుపు తిరిగింది. అతని స్కూటర్ గోడకు ఆనించి ఉంది.

అప్పుడు వినిపించింది. ధుమ్... త ధుమ్ తక్. ధుమ్... త ధుమ్ తక్.

కీర్తి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. తన పాట. తను చపాతీలు చేస్తూ కొట్టిన తాళం, అతని పక్కన పడుకుని చదివి వినిపించిన పాట, అక్కడ ఒక గుమ్మానికి వేలాడే ఆకుపచ్చ పరదా వెనక ఎవరి కోసమో మోగుతోంది. ఎదురుగా ఉన్న లేసుల దుకాణంలో దూరింది. "కౌన్‌సా దిఖావూ బాజీ?" అని దుకాణదారు అడిగితే ఏదో ఒక లేసు చూపించి మూర మీద మూర కొలిపించుకుంటూ పరదా వైపే చూసింది. పాటలో గొంతు మాత్రం ఎంతకీ మొదలు కాలేదు. డోలు ఒక్కటే, అలా సాగుతూనే ఉంది.

సాయంత్రం నమాజుకు మగ్రిబ్ అజాన్ మొదలైంది. చప్పుడు ఆగింది. పరదా తొలగించుకుని ఒక ముసలాయన బయటికొచ్చి టోపీ సర్దుకుంటూ మసీదు వైపు వెళ్లాడు. ఆయన వెనక శ్రవణ్. చేతులు మడిచిన చొక్కా, చెమటకు నుదుటికి అంటుకున్న జుట్టు. ఇరానీ హోటల్ వైపు నడుస్తూ తనలో తనే ఈల వేసుకుంటున్నాడు. శ్రవణ్‌కు ఈల వేయడం వచ్చని కీర్తికి తెలియదు. అతని ముఖంలో ఎవరికీ ఏ జవాబూ చెప్పనక్కరలేని ఒక తేలిక ఉంది. ఆ ముఖాన్ని ఇంట్లో ఒక్కసారి కూడా చూడలేదు. ఏ ఆడపిల్ల కనిపించినా ఇంత నొప్పి ఉండేది కాదేమో.

అతను మలుపు తిరగగానే పరదా తోసుకుని లోపలికెళ్లింది.

ఎవరూ లేరు. చిన్న గది, పైన ఫ్యాన్ లేదు, ఉన్న ఒక్క కిటికీ గట్టిగా మూసి ఉంది. నేలలో పాతిన నున్నటి రాయి, దాని పక్కన రెండు బరువైన సుత్తులు. గూట్లో ఒక రేకు డబ్బా, అందులో శ్రవణ్ ఫోన్. తెర మీద తన పేరు, ఆటోలో వస్తూ చేసిన ఆరు మిస్డ్ కాల్స్. ఉక్కకు ఊపిరాడక, మొదట కిటికీ తెరిచింది. తర్వాత రాయి మీద ఉన్నదాన్ని చూసింది. అరచేయంత తోలు పుస్తకం, తాడుతో కట్టి ఉంది. ఆల్బమ్, అనుకుంది. ఇందులోనే ఉంది, ఏదైనా ఉంటే. తాడు విప్పింది.

ఫొటోలు లేవు. మొదటి పొర ఎత్తితే కింద వెండి. రేకు కాదు, అంతకన్నా పలచన. నీళ్ల మీద పడ్డ వెన్నెల ముక్కను ఎవరో తీసి దాచినట్టుంది. "అయ్యో, ఎంత బాగుంది" అనుకుంది. ఆ అనుకోవడంలో వదిలిన ఊపిరికే అది లేచి ముడుచుకుపోయింది. కంగారుగా వేలు పెట్టింది. వేలికి అంటుకుని మాయమైంది. కింద పొర ఎత్తింది. అక్కడా వెండే. అప్పుడే కిటికీలోంచి గాలి వచ్చింది. తోలు పొరలు వాటంతటవే తెరుచుకున్నాయి, టపటపా, ఒకదాని వెనక ఒకటి. గదంతా వెండి ఎగిరింది. రెండు చేతులతో పట్టుకోబోయింది. పట్టుకున్నదల్లా నలిగింది.

పరదా తొలిగింది. శ్రవణ్, చేతిలో రెండు చాయ్ గ్లాసులు. భార్య ముఖం మీద, కనుబొమల మీద, చీర మీద వెండి.

"కిటికీ" అన్నాడు. "కిటికీ ముయ్యి."

మూసింది. గ్లాసులు కింద పెట్టి అతను మోకాళ్ల మీద కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ఆమె వైపు చూడలేదు.

"ఇదంతా ఏంది?" అడిగింది కీర్తి.

"వరఖ్. మిఠాయిల మీద వెండి పొర ఉంటది చూడు, అది. తోలు పొరల నడుమ వెండి పెట్టి సుత్తెతో కొడితే వస్తది. చాచా నాలుగింటి నుంచి కొడుతుండు. ఇంకో అరగంటయితే అయిపోతుండె." ఒక ముక్కను వేలి చివర తడి చేసి ఎత్తాడు. "నూటఅరవై పొరలు. రేపు పెళ్లింటికి పోవాలె."

"నువ్వెందుకు కొడుతున్నవ్?"

అతను జవాబు చెప్పేలోపే ముసలాయన వచ్చాడు. సాబెర్ చాచా అని తర్వాత తెలిసింది. గుమ్మంలో నిలబడి గదినీ, రాయినీ, మెరుస్తున్న కీర్తినీ చూశాడు. కీర్తి రెండు చేతులూ జోడించింది.

"మాఫ్ చెయ్యండి చాచా. నేను... అందుల ఫొటోలున్నయనుకున్న."

"ఎవల ఫొటోలు?" ఆయన కళ్లు చిన్నవి చేశాడు. తర్వాత అర్థమై, పళ్లు లేని నోటితో నవ్వాడు. "అరె శ్రవణూ, నీకు ఎవరో పిల్ల ఉన్నదని, మాషూకా ఉన్నదని వచ్చిందిరా! మంచిగ పట్టుకుంది. ఇగో మాషూకా, నాలుగు కిలోలు." సుత్తిని కాలితో తట్టాడు. రాయికి తగిలి అది ధుమ్ అంది, ఇందాక కీర్తి పాట అనుకున్న చప్పుడే. "రో మత్ బేటీ, ఏడ్వకు. వెండి యాడికి పోదు. ఏరుకోని కరగబెడ్త, మల్ల కొడ్త. ఈ పనికి వచ్చిన ప్రతొక్కడు నడుమల ఒకసారి తెరిచి చూసినోడే. అయిందా, కాలేదా, ఎంతైందని. నీ మొగుడు మూడుసార్లు తెరిచిండు. మూడోసారి చెవు పిండిన."

"పొద్దున నేను కూడ వస్త చాచా" అన్నాడు శ్రవణ్. నవ్వలేదు.

ఇద్దరూ స్కూటర్ మీద నయాపూల్ దాకా వచ్చారు. వంతెన మీద రద్దీకి బండి ఆగినప్పుడు అతనే మొదలుపెట్టాడు, వెనక్కి తిరక్కుండా.

"టెన్త్‌ల లెక్కలు తప్పిన. ఇంటికి పోవాలంటే భయమై చాచా దుకాణం మెట్ల మీద కూసున్న. చాచా సుత్తె ఇచ్చిండు, కొట్టు అన్నడు. కొట్టిన. దిల్ హల్కా అయింది, బరువంత దిగినట్టు. అప్పటి సంది పోతున్న. ఒకసారి బాపు చూసి, శేట్ కొడుకువి కూలి పని చేస్తవా అని పెద్ద లొల్లి చేసిండు. ఇగ ఎవ్వలకు చెప్పలే."

"నాకు చెప్తే ఏమైతుండె?"

"చెప్తే నువ్వు వస్తవు. పక్కన కూసుంటవు. చాయ్ పట్టుకొస్తవు. ఫొటో తీసి స్టేటస్ పెడ్తవు. మంచిగనే ఉంటది." హారన్ కొట్టాడు, అవసరం లేకుండా. "అప్పుడు ఆ గంట కూడ నీదైతది."

"నేను లేని గంట అంత బాగుంటదా నీకు?"

"గట్ల కాదు కీర్తీ. దుకాణంల బాపు కొడుకును. ఇంట్ల నీ మొగణ్ని. ఆ గంట ఎవ్వలకు ఏం కాను. సుత్తె లేస్తది, పడ్తది. అంతే. అది గుంజుకుంటే నేను ఇంటికొచ్చినా వచ్చినట్టుండదు."

కీర్తి అతని నడుము చుట్టూ వేసిన చేయి తీయలేదు, గట్టిగానూ పట్టుకోలేదు. కింద మూసీ వాసన, పైన గద్దలు. తలలో పాట మోగుతూనే ఉంది. వాడు కిటికీ కింద నిలబడే ఉన్నాడు. దీపం ఎప్పుడు వెలిగిందో, ఎప్పుడు ఆరిందో లెక్కపెడుతూనే ఉన్నాడు. ఇన్ని వందలసార్లు విని, వాణ్ని చూసి జాలిపడింది, మురిసిపోయింది. కిటికీ లోపల కూర్చున్న మనిషికి ఊపిరాడుతోందా అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఇంటికి రాగానే నాగమణమ్మ అడిగింది. "గాజులేవి?"

"సైజు దొరకలే అత్తమ్మా."

అత్తమ్మ దగ్గరకొచ్చి కోడలి కనుబొమ మీద నుంచి ఒక మెరుపును వేలితో తీసింది. వెలుతురులో పెట్టి చూసింది. కొంగుకు తుడుచుకుంది.

"పన్నెండేండ్లు వాని అంగీలు ఉతికిన బిడ్డా" అంది మెల్లగా, మగవాళ్లకు వినబడకుండా. "వాడు చెప్పలే. నేను అడగలే." తర్వాత గొంతు పెంచింది. "కాళ్లు కడుక్కో పో, పాలు పెట్టిన. ఈసారి నువ్వు చూడకు, నేనే చూస్త."

మర్నాడు ఆరింటికి కీర్తి ఫోన్ తీసి మ్యాప్ తెరిచింది. చుక్క మూసీ దాటుతోంది. మ్యాప్‌లో చూపడం ఆపాలా అని ఫోన్ అడిగింది. బొటనవేలు చాలాసేపు గాల్లోనే ఉంది. చుక్క ఆరిపోతే అతనే లేకుండా పోతాడనిపించింది. కళ్లు మూసుకుని నొక్కింది. ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఆ రోజు ఆ గంటంతా డబ్బా ముందే కూర్చుంది. రెండో రోజు మూడుసార్లు మూత తీసింది. మూడో రోజు పూజితతో గచ్చకాయలాడింది, ఓడిపోయింది. ఆ మూడు రోజులూ శ్రవణ్ ఏడున్నరకే వచ్చాడు, అడిగినదానికి జవాబిచ్చాడు, అంతకు మించి మాట్లాడలేదు. ఆ గంట గురించి ఆమె అడగలేదు. నాలుక చివరికొచ్చినా.

నాలుగో రోజు ఆరున్నరకు, ఫోన్ బియ్యం డబ్బాలోనే వదిలి, ఆరేసిన బట్టలు తీయడానికి మేడ ఎక్కింది. నల్లటి ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు సగం ఖాళీగా ఉంది. ఎంత ఉందో తెలుసుకుందామని అరచేత్తో కొట్టింది. ధుమ్.

చేయి ఆగిపోయింది. మళ్లీ కొట్టింది. పై అంచున వేళ్లతో కొడితే తక్. ధుమ్... త ధుమ్ తక్.

చుట్టూ చూసింది. ఎవరూ లేరు. రెండు మేడల అవతల పావురాలు ఎగరేసే ఒకతను ఆకాశం వైపు తల ఎత్తి ఈల వేస్తున్నాడు, తన లోకంలో. కీర్తి చున్నీ నడుముకు బిగించింది. ట్యాంకును కొడుతూ, పాదాలు కదుపుతూ, పాట అందుకుంది. స్పానిష్ మాటలు రావు కనుక ట్యూన్ మాత్రమే. ట్యూన్ రెండోసారి తిరిగేసరికి మాటలు వాటంతటవే తెలుగులో వచ్చాయి. కిటికీ లోపల ఉన్న పిల్ల మాటలు. ఓ కింద నిలబడ్డ పిలగాడా, కాళ్లు నొప్పి పుడతలేవా, పోయి చాయ్ తాగిరా. దీపం నేనే వేసుకుంట, నేనే ఆర్పుకుంట. రేపు నేనే కిందికొస్త, తొందరేం లేదు. తాళం తప్పినప్పుడల్లా తనకే నవ్వొచ్చింది. చెమట పట్టింది. అరచేతులు ఎర్రబడ్డాయి. ఇంత హాయి డిగ్రీలో హాస్టల్ మేడ మీద ఒక్కతే వానలో తడిసినప్పుడు ఉండేది. ఇన్నాళ్లూ అది పోయిందని కూడా గమనించలేదు.

వెనక్కి తిరిగేసరికి మెట్ల తలుపు దగ్గర శ్రవణ్ ఉన్నాడు. చెవి దగ్గర ఫోన్. కాలరు మీద వెండి. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు.

"ఏడింటి సంది ఫోన్ చేస్తున్న. వరఖ్ పెళ్లింటోళ్లకు మస్తు నచ్చిందట, నీకే ముందు చెప్దామని. ఐదుసార్లు చేసిన, ఎత్తవేంది?" మెట్లెక్కిన ఆయాసం, దాని వెనక కాస్త ఉడుకు, దాని వెనక నవ్వు. "యాడున్నవ్?"

కీర్తి ఊపిరి తిప్పుకుంది. ముఖం మీది చెమట చున్నీతో తుడుచుకుంది. ఎక్కడా చెవి కదలకుండా, కళ్లు వాలకుండా చెప్పింది.

"గోడౌన్‌ల ఉన్న. సిగ్నల్ రాదు."

శ్రవణ్ చెవి దగ్గరి ఫోన్ దించాడు. తర్వాత తల వెనక్కి వేసి నవ్వాడు, ఆ సందు మలుపులో ఈల వేసిన ముఖంతో. ఫోన్ జేబులో వేసుకుని, చెప్పులు చప్పుడు కాకుండా కిందికి దిగిపోయాడు. ఏడున్నర దాటింది. అయినా కీర్తి ఇంకొక్కసారి ట్యాంకు మీద చేయి ఎత్తింది.